స్లైడులోని రంగుకూ ఒక ప్రమాణం కావాలి

వ్యవసాయ శాస్త్రంలో అనేక సందర్భాల్లో రంగు మాటకు బదులుగా పనిచేస్తుంది. బ్రీడర్ విత్తనపు సంచికి బంగారు పసుపు ట్యాగు, ఫౌండేషన్ విత్తనానికి తెల్ల ట్యాగు, ధ్రువీకృత విత్తనానికి నీలి ట్యాగు ఉంటాయి. పురుగుమందు డబ్బాపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు విషతీవ్రతను అవరోహణ క్రమంలో తెలుపుతాయి. వాతావరణ శాఖ హెచ్చరికలు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులలో వెలువడతాయి. వరి పైరుకు పైపాటుగా నత్రజని ఎప్పుడు వేయాలో ఆకు రంగుల పట్టిక చెబుతుంది. మున్సెల్ రంగుల పుస్తకం లేనిదే నేల పొరల వర్ణన పూర్తికాదు. ఈ అయిదింటిలోనూ రంగును వ్యక్తుల అభిరుచికి వదిలిపెట్టలేదు. ముందుగా నిర్ణయించి, లిఖితపూర్వకంగా నమోదు చేసి, అందరూ ఒకే విధంగా చదివేటట్లు ఏర్పాటు చేశారు.

అదే శాస్త్రం తన ఫలితాలను తెరపై ప్రదర్శించే వేళకు ఈ క్రమశిక్షణ సడలిపోతున్నది. నేపథ్యం, అక్షరం, గ్రాఫు గీత - ఈ మూడింటి రంగులనూ చాలా సందర్భాలలో సాఫ్ట్‌వేర్‌లో మొదట కంటబడిన నమూనాయే నిర్ణయిస్తున్నది. ఒకే ప్రయోగంలోని సిఫారసు మోతాదు ఒక స్లైడులో నీలంగాను, తరువాతి స్లైడులో ఎరుపుగాను ఉంటుంది. శ్రోత ప్రతి స్లైడులోనూ రంగుల సూచికను కొత్తగా నేర్చుకొనవలసి వస్తుంది. ఆ శ్రమలో అసలు ఫలితం వెనుకబడిపోతుంది.

స్లైడులను కోడ్ రూపంలో రాసే పద్ధతి స్నాతకోత్తర విద్యార్థులకు, యువ శాస్త్రవేత్తలకు ఇప్పుడు ఉచితంగా అందుబాటులో ఉంది. ఈ అవకాశాన్ని కేవలం ఆకర్షణీయమైన రూపం కోసం వినియోగిస్తే దాని విలువలో కొద్ది భాగమే మనకు దక్కుతుంది. ప్రతి విభాగమూ తన రంగులను ఒకసారి ఆలోచించి నిర్ణయించుకొని, ఒకే థీమ్ ఫైలులో రాసిపెట్టి, దానిని ప్రయోగ పద్ధతిలో ఒక భాగంగా పరిగణించాలన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

కోడ్ ఆధారిత స్లైడుల స్వభావం

ఈ పద్ధతిలో రచయిత పాఠాన్ని సాదా అక్షరాల ఫైలుగా రాస్తాడు. రూపాన్ని వేరొక ఫైలు నిర్ణయిస్తుంది. కంప్యూటరు రెండింటినీ కలిపి పీడీఎఫ్‌గానో వెబ్ పుటగానో తయారు చేస్తుంది. లేటెక్ కుటుంబానికి చెందిన బీమర్ వీటిలో సుప్రసిద్ధమైనది. టిల్ టాంటౌ 2003 ఫిబ్రవరిలో తన పీహెచ్.డీ. సిద్ధాంత వ్యాస ప్రదర్శన కోసమే దాని తొలి రూపాన్ని సిద్ధం చేశాడు. ఒక పరిశోధక విద్యార్థి అవసరం నుంచి పుట్టిన సాధనం గనుక మన విద్యార్థులకు అది పరాయిది కాదు. ఆర్ భాషలో గణాంక విశ్లేషణ చేసేవారికి ఆర్ మార్క్‌డౌన్, దాని తరువాత 2022లో వెలువడిన క్వార్టో మరింత చేరువలో ఉంటాయి. వీటిలో విశ్లేషణ, గ్రాఫు, స్లైడు ఒకే ఫైలులో నడుస్తాయి.

బీమర్‌లో స్లైడు అమరికకు ఒక థీమ్, రంగులకు మరొక థీమ్ ఉంటాయి. అమరికలకు వార్సా, మాడ్రిడ్, బెర్లిన్ వంటి నగరాల పేర్లు పెట్టారు. రంగుల థీమ్‌లలో స్లైడు మొత్తానికి వర్తించే వాటికి ఆల్బట్రాస్, క్రేన్ వంటి ఎగిరే జీవుల పేర్లు, పెట్టెల రంగులకు లిల్లీ, రోజ్ వంటి పూల పేర్లు, అంచుల రంగులకు వేల్, డాల్ఫిన్ వంటి సముద్ర జీవుల పేర్లు ఉన్నాయి. పేర్లు వినోదంగా ఉన్నా వాటి వెనుక ఉన్న సూత్రం గమనింపదగినది: అమరికను కదల్చకుండా రంగును మార్చవచ్చును, రంగును కదల్చకుండా అమరికను మార్చవచ్చును. క్వార్టోలో పత్రం తలభాగాన ఉండే థీమ్ అనే ఒక్క పంక్తి ఈ పని చేస్తుంది. సిద్ధంగా ఉన్న థీమ్ పేరు ప్రక్కన మన సొంత ఫైలు పేరు చేర్చితే, ఆ ఫైలులో మనమిచ్చిన నేపథ్యపు రంగు, అక్షరపు రంగు, లంకె రంగు అన్ని స్లైడులకూ వర్తిస్తాయి.

ఇక్కడ ఒక సూక్ష్మ విషయం ఉంది. సొంత ఫైలులో రంగులకు పేర్లు పెట్టుకొనే వెసులుబాటు ఉన్నప్పుడు 'ముదురు నీలం', 'లేత ఎరుపు' అని పెట్టుకొనరాదు. 'నియంత్రణ', 'సిఫారసు మోతాదు', 'హెచ్చరిక', 'నీటి ఎద్దడి' అని రంగు నిర్వహించే పాత్రను బట్టి పేరు పెట్టుకోవాలి. అప్పుడు రచయిత స్లైడు రాస్తున్న ప్రతిసారీ ఏ రంగు బాగుంటుందని గాక, ఇది దేనిని సూచిస్తున్నదని తనను తాను ప్రశ్నించుకొంటాడు. ట్రీట్‌మెంట్లకు టీ1, టీ2 అని సంకేతాలు ఇచ్చి ప్రయోగం ముగిసే వరకు వాటిని మార్చకుండా ఉండటం మనకు అలవాటే. రంగు కూడా అటువంటి సంకేతమే.

మరొక హెచ్చరిక కూడా అవసరం. స్లైడు థీమ్‌ను మార్చినంత మాత్రాన గ్రాఫులోని రంగులు వాటంతట అవే మారవు. గ్రాఫును గీసే కోడ్‌కూ, స్లైడును తీర్చే థీమ్‌కూ ఒకే రంగుల జాబితాను అందించాలి. స్ప్రెడ్‌షీటు నుంచి బొమ్మగా అతికించిన గ్రాఫుకు ఈ ప్రయోజనం లభించదు.

మున్సెల్ నేర్పిన పాఠం

నేల రంగును మనం మూడు అంశాలుగా చదువుతాము: హ్యూ అనే వర్ణం, వేల్యూ అనే కాంతి స్థాయి, క్రోమా అనే గాఢత. 2.5 వై.ఆర్. 3/6 అని రాసినప్పుడు 3 అనేది కాంతి స్థాయి. 10 వై.ఆర్. 3/1 అని రాసిన నల్లని నేలకూ అదే కాంతి స్థాయి. రెండింటి మధ్య వర్ణం, గాఢత వేరు. ఈ రెండు పుటలనూ నలుపు తెలుపు జిరాక్సు తీస్తే తేడా దాదాపు కనిపించదు. స్లైడులో అక్షరం చదవగలగడానికి ముఖ్యంగా కావలసినది ఈ కాంతి స్థాయిలోని అంతరమే. వర్ణం ఎంత భిన్నంగా ఉన్నా కాంతి స్థాయి దగ్గరగా ఉంటే వెనుక వరుసలోని వారికి అక్షరం నేపథ్యంలో కలిసిపోతుంది.

ఈ అంతరాన్ని లెక్కించే పద్ధతి ఉంది. కంప్యూటరు తెరకు చెందిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల కాంతిని 0.2126, 0.7152, 0.0722 భారాలతో కూడి, రెండు రంగుల ఫలితాల మధ్య నిష్పత్తి తీస్తారు. నలుపు తెలుపుల మధ్య అది 21, ఒకే రంగుకు అది 1. వెబ్ పుటలకు సంబంధించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సాధారణ అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు కనీసం 3 ఉండాలని సూచిస్తున్నాయి. ఈ లెక్క ప్రకారం తెలుపుపై పూర్తి పసుపు 1.07, తెలుపుపై పూర్తి ఆకుపచ్చ 1.37, పూర్తి నీలంపై పూర్తి ఎరుపు 2.15 మాత్రమే. నీలి నేపథ్యంపై ఎర్రని శీర్షిక కంటికి బెదురుగా తోచడానికి కారణం ఇందులో కొంత ఉంది. అదే నీలంపై పసుపు అక్షరం సుమారు 8 వరకు వస్తుంది.

లెక్క కంప్యూటరుకు సంబంధించినదయితే, రైతు సమావేశం జరిగేది కిటికీలు తెరచిన హాలులో. తెరపై తెల్లని భాగం నుంచి 100 పాళ్లు, అక్షరం నుంచి 5 పాళ్లు కాంతి వస్తున్నదనుకొందాము. నిష్పత్తి 20. కిటికీల నుంచి వచ్చే వెలుతురు రెండింటికీ 50 పాళ్లు చేర్చితే అవి 150, 55 అవుతాయి, నిష్పత్తి 2.7కు పడిపోతుంది. నలుపు తెలుపుల గతే ఇదైతే, ముదురు నేపథ్యంపై మధ్యస్థ రంగులో గీసిన గ్రాఫు గీత సంగతి చెప్పనవసరం లేదు. ఆకు రంగుల పట్టికను నేరుగా ఎండలో చదవరాదని, మన నీడలో పెట్టి చూడాలని మనమే రైతుకు బోధిస్తాము. తెరను ఎక్కడ, ఏ వెలుతురులో చదువుతారన్న విచారణ కూడా అటువంటిదే. వెలుతురుకు అలవాటుపడిన కంటికి తెల్లని నేపథ్యంపై ముదురు అక్షరం చదవడం తేలిక. కనుక పగటి సభకు తెల్లని థీమ్, చీకటి చేయగల సెమినార్ హాలుకు ముదురు థీమ్ - ఇలా రెండు రూపాలను ముందే సిద్ధపరచుకోవాలి. నలభై స్లైడులలో ఒక్కొక్క రంగునూ చేతితో మార్చనవసరం లేకుండా ఒక పంక్తితో ఈ మార్పు జరగడం కోడ్ పద్ధతిలోని అసలు సౌలభ్యం.

కారకాన్ని బట్టి రంగు

నత్రజని నాలుగు మోతాదులు, వరి రెండు రకాలు గల కారకీయ ప్రయోగాన్ని తీసుకొందాము. మోతాదుల మధ్య క్రమం ఉంది. రకాల మధ్య క్రమం లేదు. మోతాదులను ఎరుపు, నీలం, పసుపు, ఊదా రంగులలో చూపితే ఆ క్రమం కంటికి అందదు. పరిమాణాత్మక మోతాదులపై ప్రతిస్పందన వక్రరేఖను గీయవలసిన చోట డంకన్ పరీక్ష అక్షరాలను అతికించడం ఎటువంటి లోపమో, ఇదీ అటువంటి లోపమే. మోతాదు పెరిగే కొద్దీ ఒకే వర్ణం లేత నుంచి ముదురుకు సాగాలి. రకాలకు వేర్వేరు వర్ణాలు ఇవ్వాలి. నియంత్రణ కంటె ఎక్కువ, తక్కువ దిగుబడులను చూపే పటానికి మధ్యలో లేత రంగు, ఇరువైపులా రెండు భిన్న వర్ణాలు సరిపోతాయి. పటాల రంగులపై అమెరికాలో సింథియా బ్రూయర్ రూపొందించిన కలర్‌బ్రూయర్ ఈ మూడు తరగతులనే ప్రాతిపదికగా తీసుకొన్నది.

వర్షపాత పటాలలోను, నేల తేమ పటాలలోను కనిపించే ఇంద్రధనుస్సు వరుస ఈ పరీక్షకు నిలువదు. అందులో పసుపు వద్ద కాంతి స్థాయి ఒక్కసారిగా పెరిగి, దత్తాంశంలో లేని అంచును కంటికి చూపుతుంది. మాట్‌ప్లాట్‌లిబ్ 2017లో వెలువడిన 2.0 రూపంలో ఆ వరుసను ప్రక్కన పెట్టి, కాంతి స్థాయి సమంగా పెరిగే విరిడిస్‌ను తొలి అమరికగా స్వీకరించింది. ఆర్ భాషలోనూ అది లభిస్తుంది.

వర్ణాంధత్వాన్ని కూడా విస్మరించరాదు. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడాను సరిగా గుర్తించలేని లోపం యూరపు సంతతి పురుషులలో సుమారు 8 శాతం మందికి ఉంటుంది. మన దేశంలో ఆ నిష్పత్తి అంతకంటె తక్కువే అయినా, నిండు సభలో అటువంటివారు కొందరు ఉండవచ్చు. వారు తమ ఇబ్బందిని లేచి చెప్పరు. జపాను శాస్త్రవేత్తలు ఒకాబె, ఇటో ప్రతిపాదించిన ఎనిమిది రంగుల వరుస వారికీ మనకూ సమానంగా ఉపయోగపడుతుంది. 2020లో వెలువడిన ఆర్ 4.0 నుంచి అది ఆ భాషలోనే భాగంగా ఉంది. అయితే దానినైనా గుడ్డిగా వాడరాదు. అందులోని నీలం తెలుపుపై సుమారు 5.2 నిష్పత్తితో స్పష్టంగా కనిపిస్తుంది, పసుపు 1.3 మాత్రమే గనుక తెల్లని స్లైడుపై సన్నని గీతకు పనికిరాదు.

ఇప్పటికే అర్థమున్న రంగులు

మన శాస్త్రానికే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. బీమర్‌లో హెచ్చరిక పెట్టెకు తొలి రంగు ఎరుపు, ఉదాహరణ పెట్టెకు ఆకుపచ్చ. గణిత పాఠానికి ఇందులో దోషం లేదు. సస్యరక్షణ స్లైడులో మాత్రం ఉంది. సిఫారసు చేసిన మందు పేరును ఆకుపచ్చ పెట్టెలో చూపితే, రైతు అంగడిలో చూడబోయే డబ్బాపై త్రికోణం ఎరుపో పసుపో కావచ్చు. నోటి ద్వారా ప్రాణాంతక మోతాదు కిలో శరీర బరువుకు 50 మిల్లీగ్రాముల వరకు ఉన్న మందులకు ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 501 నుంచి 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ గుర్తు ఉండాలని నియమం. 'ఈ మందు పనిచేస్తుంది' అని మనం ఆకుపచ్చతో చెప్పిన మాటను, 'ఈ మందు అపాయం లేనిది' అని సభలో కొందరు అర్థం చేసుకొనే అవకాశం ఉంది. ముసుగు, చేతి తొడుగులు లేకుండా పిచికారీకి దిగే మనిషి విషయంలో ఇది చిన్న పొరపాటు కాదు.

పసుపు సంగతి ఇంకా క్లిష్టం. వాతావరణ హెచ్చరికలో పసుపు అంటే గమనిస్తూ ఉండమని. నాలుగు మెట్లలో అది కింది నుంచి రెండవది. పురుగుమందు డబ్బాపై పసుపు అంటే అధిక విషం. అది పై నుంచి రెండవది. ఒకే శిక్షణ తరగతిలో ఈ రెండు విషయాలూ వస్తే ఒకే రంగు రెండు విరుద్ధమైన మాటలు చెబుతుంది. కనుక సస్యరక్షణ స్లైడులలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చలను డబ్బాపై గుర్తుకు మాత్రమే ప్రత్యేకించి, పెట్టెలకు బూడిద వంటి తటస్థ రంగులు వాడటం ఉత్తమం. థీమ్ ఫైలులో ఈ నియమాన్ని రెండు మూడు పంక్తులలో రాసిపెడితే, అనుభవం లేని కొత్త శాస్త్రవేత్త తయారుచేసే స్లైడు కూడా దానికి కట్టుబడి ఉంటుంది.

తెలుగు స్లైడుకు తగిన థీమ్

సిద్ధంగా లభించే థీమ్‌లన్నీ రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకొని చేసినవి. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. పంక్తుల మధ్య ఎడం పెంచకపోతే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది. ద, ధ, థలనూ ప, ష, సలనూ వేరుచేసేవి చిన్న గీతలు, చుక్కలు. కాంతి అంతరం తక్కువైనప్పుడు ముందుగా మాయమయ్యేవి అవే. కనుక తెలుగు పాఠానికి 4.5 సరిపోతుందనుకోక, 7కు తగ్గకుండా చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. బీమర్‌లో తెలుగు రాయడానికి జీలేటెక్ లేక లువాలేటెక్, నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంటు అవసరం. డీటీపీ పనులకు వాడే పాత ఫాంట్లలోని పాఠాన్ని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

మన భాషలో మరొక విశేషముంది. 'పచ్చ' అన్న మాట పసుపుపచ్చకూ వర్తిస్తుంది, ఆకుపచ్చకూ వర్తిస్తుంది. 'పచ్చ గీతను చూడండి' అని వక్త అన్నప్పుడు సగం సభ ఒక గీతను, సగం సభ మరొక గీతను చూస్తుంది. రంగు పేరుతో గీతను పిలవకుండా, గీత చివరనే 'ఎకరాకు రెండు బస్తాలు', 'నియంత్రణ' అని తెలుగులో రాయడం దీనికి సరైన పరిష్కారం. అలా రాసినప్పుడు రంగు మాటకు తోడవుతుంది. భారమంతా దానిపై పడదు.

రెండు అభ్యంతరాలు

సాధారణ స్లైడు సాఫ్ట్‌వేర్‌లోనూ మాస్టర్ స్లైడు ఉన్నది గదా అని కొందరు అడుగుతారు. ఉన్నది, కోడ్ నేర్చుకొనే వ్యవధి లేనివారు ఇక్కడ చెప్పిన నియమాలన్నిటినీ దానితోనే పాటించవచ్చు, పాటించాలి కూడా. అయితే అందులో ఒక స్లైడులో చేతితో మార్చిన రంగు నిశ్శబ్దంగా నిలిచిపోతుంది. కోడ్‌లో ఏ రంగు ఎక్కడ, ఎవరిచేత, ఎప్పుడు మారినదో చదివి తెలుసుకోవచ్చు. వచ్చే ఏడాది దత్తాంశం చేరినప్పుడు అదే ఫైలును మళ్లీ నడిపితే అవే రంగులతో కొత్త గ్రాఫులు వస్తాయి. మూడు ఖరీఫ్‌లు సాగే ప్రయోగానికి ఇది అక్కరకు వచ్చే గుణం.

రెండవ అభ్యంతరం మరింత బలమైనది. విద్యార్థులు థీమ్‌ను చెక్కుతూ రాత్రులు గడిపి, ఫలితాల చర్చకు సమయం మిగుల్చుకోరన్నది. ఈ ప్రమాదం నిజమైనదే. అందుకే థీమ్‌ను ఎవరికి వారు తయారుచేసుకొనరాదని, విభాగం ఒక్కసారి చేసి అందరికీ ఇవ్వాలని అంటున్నాను. ప్రతి విద్యార్థీ తన సొంత ఎరువుల సిఫారసును తయారుచేసుకోడు. ఉన్న సిఫారసును వాడి తన ప్రశ్నపై దృష్టి పెడతాడు.

చేయవలసినది

విభాగపు థీమ్ ఫైలు ఒక పుటకు మించనవసరం లేదు. పగటి సభకు ఒకటి, చీకటి హాలుకు ఒకటి చొప్పున రెండు నేపథ్యాలు. పాత్రను బట్టి పేరు పెట్టిన ఆరేడు రంగులు. క్రమమున్న కారకాలకు ఒక వరుస, క్రమం లేని వాటికి మరొక వరుస. తెలుగు ఫాంటు, పంక్తుల ఎడం. సస్యరక్షణ రంగులపై నిషేధం - ఇవి చాలును. ఒక్కొక్క రంగు ప్రక్కన దాని కాంతి నిష్పత్తిని వ్యాఖ్యగా రాయాలి. ఫైలును కృషి విజ్ఞాన కేంద్రాలకు, ఏరువాక కేంద్రాలకు పంపి, అక్కడి ప్రొజెక్టరుపై, అక్కడి వెలుతురులో, చివరి వరుసలో కూర్చొని పరీక్షించిన తరువాతనే ఖరారు చేయాలి. ప్రయోగశాలలో నెగ్గిన రకాన్ని రైతు పొలంలో పరీక్షించకుండా విడుదల చేయము గదా.

స్నాతకోత్తర సెమినార్ మూల్యాంకనంలో కూడా ఒక ప్రశ్న చేరాలి: ఈ రంగు దేనిని సూచిస్తున్నది? విద్యార్థి సమాధానం చెప్పగలిగితే ఆ రంగు ఉండవచ్చు. చెప్పలేకపోతే ఆ స్థానంలో బూడిద రంగు చాలును. గణాంక పరీక్షను ఎందుకు ఎంచుకొన్నావని అడిగినంత సహజంగా ఈ ప్రశ్నను కూడా అడిగే రోజు వస్తే, మన స్లైడులు మన విత్తనపు ట్యాగులంత నమ్మదగినవిగా ఉంటాయి.